ఇతరములు: ఐదు గుర్రాలు

ఆమె పోయిన సంగతి నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. చెప్పింది యాదగిరి. టోలిచౌకిలో ఒక పెళ్ళి బారాత్ ముందు తెల్లగుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను స్కూటర్ ఆపి పలకరిస్తే, బ్యాండు చప్పుడులో నా చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మ పోయింది సార్. దీపావళి ముంగట" అన్నాడు. ఇంకేమైనా అడిగేలోపు పెళ్ళికొడుకు గుర్రం ఎక్కేశాడు. యాదగిరి ముందుకు కదిలిపోయాడు.

ఆమె పేరు రాయను. రాయాల్సిన చోట రాయించలేకపోయినవాణ్ణి, ఇప్పుడిక్కడ రాస్తే ఎవరికి లాభం? ఫిల్మ్ నగర్‌లో అందరూ ఆమెను గుర్రాలమ్మ అనేవారు. రాజుల సినిమా అయినా, దొంగల సినిమా అయినా, పాటలో హీరోయిన్ పక్కన ఊరికే నిలబడటానికైనా, గుర్రం కావాలంటే ప్రొడక్షన్ మేనేజర్లు ఆమెకే కబురు పెట్టేవారు. భర్త ఒకప్పుడు టాంగా తోలేవాడట. స్టూడియోలు ఇటు వచ్చాక గుర్రాలను షూటింగులకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఆమె కొనసాగించింది. యాదగిరి ఆమె దగ్గర పదిహేనేళ్ళు గుర్రాలు చూసుకున్న మనిషి. ఆమె గురించి నాకు తెలిసిన పూర్వచరిత్ర ఇంతే. మిగతాదంతా నేను కళ్ళతో చూసింది.

నేనప్పుడు ఎమ్మెస్సీ అయి కొత్తగా ఉద్యోగంలో చేరాను. వెంగళరావు నగర్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దెగది. హైటెక్ సిటీలో వారానికో కొత్త ఆఫీసు తెరుస్తున్న రోజులు. అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సులకు పరిగెడుతుంటే నేను మాత్రం రోడ్లకీ వంతెనలకీ పర్యావరణ నివేదికలు రాసిపెట్టే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫిల్మ్ నగర్ దిగువన, టోలిచౌకి వైపు వెళ్ళే దారిలో, నాలా మీద ఒక పాత రాతి వంతెన ఉండేది. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. దాన్ని పడగొట్టి కొత్తది కట్టాలి, రోడ్డు రెండింతలు వెడల్పు చెయ్యాలి. అలా చేస్తే ఏ చెట్టు పోతుంది, ఎవరి గోడ పోతుంది, నాలా నీళ్ళేమవుతాయి, దుమ్మెంత, చప్పుడెంత, అన్నీ ముందుగా రాసి, జనాన్ని పిలిచి వినిపించి, అప్పుడు గానీ పని మొదలుపెట్టకూడదు. ఆ రాసే పనిలో అందరికంటే కింద ఉన్నది నేను. ఫారాల కట్ట పట్టుకుని గడపగడపకీ తిరగడం నా ఉద్యోగం.

వంతెన పక్కన నాలా ఒడ్డున రేకుల షెడ్డు. మూడు వైపులా పాత సినిమా ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. ఎవరో హీరో సగం ముఖం కింద ఐదు గుర్రాలు గడ్డి నములుతున్నాయి. నేను వెనక వైపు నుంచి షెడ్డులోకి దిగబోయాను.

"ఎన్కకెంచి రాకు! ముంగటికెంచి రా, అవిటికి కనవడేటట్టు."

అదీ నేను విన్న మొదటి మాట. చుట్టూ తిరిగి ముందు నుంచి వచ్చాను. ఆమె నా ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎడమకాలు జర ఈడుస్తున్నవ్. మోకాలా, మడమా?"

చిన్నప్పుడు గోడ మీంచి పడ్డాను. మోకాలు. అది మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత్తర్వాత గమనించాను, ఎవరొచ్చినా ఆమె ముందు కాళ్ళే చూసేది. ముఖం అబద్ధం చెప్తుందనో ఏమో అనుకుని ఒకసారి అడిగాను. "గదేం లేదు. ముఖం దిక్కు చూసుడు నాకు అలవాటు లేదు, గంతే" అని నవ్వింది.

ఆమె కూడా ఎవరి వెనకనుంచీ వచ్చేది కాదు. మనం అటు తిరిగి ఉంటే దూరంగా ఆగి నాలుకతో చిన్నగా చప్పుడు చేసేది. మనం ఇటు తిరిగాక నడిచి వచ్చేది. గుర్రాలతో ఉండి ఉండి మనుషుల్నీ అలాగే చూడటం అలవాటైంది. వంతెన మీద హారన్ మోగితే, ఆమె ఏం మాట్లాడుతున్నా సరే, చెయ్యి దానంతటదే పక్కనున్న గుర్రం చెవి మీదికి పోయేది. పక్కన గుర్రం లేనప్పుడు ఆ చెయ్యి కాసేపు గాలిలో ఆగి, మళ్ళీ కిందికి దిగేది.

హీరోలను కూడా ఆమె తన లెక్కలోనే తూచేది. "ఆ పొడుగాయన మంచోడు. ఎక్కేముంగట మెడ మీద చెయ్యేసి జర సేపు నిలవడతడు. ఇంకొకడున్నడు, కుర్సీ ఎక్కినట్టు ఎక్కుతడు. ఆని సినిమా ఎట్ల ఆడుతదో నేను చూస్త." గుర్రాలకు పేర్లు పెట్టలేదు. ఎర్రది, తెల్లది, నల్లది, చుక్కది, ముసల్ది. ఎర్రది అంటే ఆమెకు ఎక్కువ ఇష్టమని యాదగిరి చెప్పాడు గానీ నేను పసిగట్టలేకపోయాను. అన్నిటినీ ఒకేలా తిట్టేది.

నా ఫారం తీశాను. పశుసంపద అన్న చోట ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, కోళ్ళు అని ఉంది. గుర్రాలు లేవు. వన్యప్రాణులు అన్న చోట రాయడానికి అవి అడవివి కావు. వ్యాపారం అన్న చోట రాయాలంటే లైసెన్సు నంబరు అడుగుతోంది. నివాసం అందామంటే నాలా ఒడ్డు సర్కారు భూమి, ఆమెకు కాగితం లేదు. అటూ ఇటూ చూసి, చివరి వరసలో "ఇతరములు" అన్న చోట "ఐదు గుర్రాలు" అని రాశాను.

"ఏం రాసినవ్?"

"ఇతరములు అని రాశానమ్మా."

"అంటే?"

"అంటే... పైన చెప్పినవాటిలో రానివి."

ఆమె ఆ కాగితాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చదువు రాదు. వేలితో ఆ వరస ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టి, "గీడ ఉన్నయా అయిదు? మంచిది. ఉంటె సాలు" అంది. నా చెయ్యి పట్టుకుని ఇంకోమాట కూడా అంది. "వంతెన కట్టుకోనియ్. నేనొద్దంటలేను. మాకు ఇంత జాగ సూపియ్యమని రాయి. నీళ్ళు దగ్గర ఉండాలె. స్టూడియోలకు నడిచిపోయేటంత దూరం ఉండాలె. ఇంకేం అడుగుత లేను."

రాస్తానన్నాను. రాశాను కూడా. అంతవరకు నేను తప్పు చెయ్యలేదు.

రెండు నెలలకు నివేదిక ముసాయిదా వచ్చింది. మా ప్రాజెక్ట్ మేనేజర్ టేబుల్ మీద చూశాను. "వన్యప్రాణులు: లేవు. పశుసంపద: లేదు." ఇతరములు అన్న వరసే లేదు. పట్టిక పొడుగైపోతోందని చివరి వరస తీసేశారట.

"సార్, వంతెన పక్కన ఐదు గుర్రాలున్నాయి కదా" అన్నాను.

ఆయన మంచివాడే. మా ఊరివైపు మనిషి. తర్వాత నా పెళ్ళికి ముందుండి పనులు చూసుకున్నవాడు. కళ్ళద్దాలు పైకి తోసి, "గుర్రం నడుస్తుంది కదయ్యా. నడిచిపోయేదానికి పునరావాసం ఏంటి? చెట్టు నడవదు, ఇల్లు నడవదు, వాటికి రాస్తాం. దీన్ని లోపల పెడితే మళ్ళీ సర్వే అంటారు, ఆర్నెల్లు ఆగుతుంది. బ్రిడ్జి ఆగిందని రేపు పేపర్లో మన పేరే వస్తుంది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ప్రజాభిప్రాయ సభలో మాట్లాడాలంటే రెండ్రోజుల ముందే వార్డు ఆఫీసులో పేరు ఇవ్వాలి. నువ్వెళ్ళి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పొద్దు. నోటీసు బోర్డులో ఉంది, చదువుకున్నవాళ్ళు చదువుకుంటారు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె దగ్గరికి వెళ్ళాను. సభ ఫలానా రోజు, ఫలానా ఫంక్షన్ హాల్లో అని చెప్పాను.

"ఏమన్న తీస్కరావాల్నా? కాగితం గిట్ల?"

"ఏమీ వద్దమ్మా. మీరొస్తే చాలు."

ఈ నాలుగు మాటలూ అన్నది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

సభ రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని, యాదగిరిని వెంటబెట్టుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది. హాలు నిండా జనం. జూబ్లీహిల్స్ వాలులో ఉన్న అపార్ట్‌మెంట్లవాళ్ళు ఎక్కువ. మెళ్ళో ఆఫీసు కార్డులతోనే వచ్చారు కొందరు. పేర్లు పిలుస్తుంటే ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు లేచాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తానని చెప్పుకున్నాడు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా నాన్నగారికి గుండెనొప్పి వస్తే బంజారా హిల్స్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నామండీ. వంతెన మీద ఎదురుగా లారీ. వెనక బస్సు. ఇరవై నిమిషాలు. నేను దిగి అందర్నీ బతిమాలాను. ఆయన నా భార్య ఒళ్ళోనే..." అని ఆగిపోయాడు. "త్వరగా కట్టండి. అంతే నేను చెప్పేది."

నేను ఆమె వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని కాళ్ళవైపే చూస్తోంది.

జాబితా అయిపోయింది. ఆమె లేచింది.

"పేరేంటమ్మా? లిస్టులో ఉందా?" వేదిక మీద అధికారి అడిగాడు.

"నాకు తెల్వదు సార్. రమ్మన్నరు, వచ్చిన."

"లిస్టులో లేకపోతే రూల్ ఒప్పుకోదమ్మా. కూర్చోండి."

మైకు ఇవ్వలేదు. ఆమె మైకు లేకుండానే, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి యాదగిరిని పిలిచే గొంతుతో మాట్లాడింది. "వంతెన వద్దంటలేను సార్! ఆ బిడ్డ సెప్పింది విన్న. కట్టుండ్రి. నన్ను రాయకుంటె మానె. నా గుర్రాలను రాయుండ్రి. అయిదున్నయి. అవిటికి జాగ సూపియ్యిండ్రి."

వెనక నుంచి ఎవరో "గుర్రాలకు కూడా ప్లాట్లు ఇవ్వాలా?" అన్నారు. కొంతమంది నవ్వారు. ఆమె తిరిగి చూడలేదు. చెయ్యి చాపి నన్ను చూపించింది.

"ఆ సారుకు ఎర్కే. ఆయనే రాసుకపోయిండు."

హాలంతా నా వైపు తిరిగింది. వేదిక మీద అధికారి, "ఏమయ్యా, రాశావా?" అన్నాడు. మా మేనేజర్ నా పక్కనే కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. నేను నివేదిక పేజీలు తిప్పాను. అందులో లేదని తెలిసీ తిప్పాను.

"ఈ రిపోర్టులో లేవు సార్."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఆమె చెయ్యి ఇంకా నా వైపే చాపి ఉంది. దాన్ని మెల్లగా దించుకుని కూర్చుంది.

బయట మెట్ల మీద కలిశాను. ఏమంటుందోనని భయపడ్డాను. "ఆ పోరనికి నాయిన పోయిండంట. పాపం" అంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "వంతెన కావాలె" అని తనలో తను అనుకున్నట్టు అంది. యాదగిరి మాత్రం నా ముఖంలోకి సూటిగా చూశాడు.

ఆ తర్వాతి సంగతులు కొన్ని యాదగిరి చెప్పినవి, కొన్ని నేను చూసినవి. వారం రోజుల్లో ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. ఆమె ఐదు గుర్రాలనూ తాడుకు కట్టి, పట్టపగలు జూబ్లీహిల్స్ వీధులన్నీ తిరిగింది. ఖాళీ ప్లాటు కనిపిస్తే చాలు, గేటు కొట్టి అడిగేది. వాచ్‌మెన్లు కర్రలు పట్టుకుని వచ్చేవారు. ఒకచోట కుక్కలను వదిలారు. తన గుర్రాలు ఎక్కిన హీరోల ఇళ్ళ ముందు కూడా నిలబడింది. ఆ పొడుగాయన అవుట్‌డోర్ షూటింగులో ఉన్నాడని చెప్పారు. ఒక స్టూడియోవాళ్ళు కోట సెట్టు వెనక పది రోజులు ఉండనిచ్చారు. సెట్టు విప్పేశాక అదీ పోయింది. ఊరి బయట, ఇరవై మైళ్ళ అవతల జాగా ఉందని ఎవరో అన్నారు గానీ, అక్కణ్ణుంచి షూటింగుకు తెచ్చేసరికి గుర్రం అలసిపోతుంది, అలసిన గుర్రాన్ని హీరో కింద పెట్టనంది. చివరికి నాలా ఒడ్డుకే తిరిగి వచ్చింది. కూల్చిన షెడ్డు అవతల, మట్టి కుప్పల మధ్య, నీళ్ళు దొరుకుతాయని.

పని నడుస్తున్నప్పుడు నేను ప్రతి సోమవారం దుమ్ము, చప్పుడు కొలవడానికి వెళ్ళేవాణ్ణి. దూరం నుంచి గుర్రాలు కనిపించేవి. దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు.

వానాకాలం. ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి తాత్కాలిక దారి మీద గుంపు. తవ్విన కాలువ మీద ఇనుప పలకలు పరిచారు. రాత్రంతా వాన పడి అవి నున్నగా ఉన్నాయి. షూటింగుకు తీసుకెళ్తుంటే ఎర్రగుర్రం కాలు జారింది. ముందుకాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. ఆమె బురదలో కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుంది. అది లేవాలని చూస్తోంది, ప్రతిసారీ పడుతోంది. ఆమె "లేవకు, లేవకు నా తల్లి, నిమ్మలం, నిమ్మలం" అంటోంది.

దారి మూసుకుపోయింది. వెనక ఆఫీసు క్యాబులు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. ఒక్కో హారన్‌కు గుర్రం ఒళ్ళంతా అదిరేది. ఆమె రెండు చేతులతో దాని రెండు చెవులూ మూసింది. మూసినా వినిపిస్తోంది.

"ఎవరన్న ఆ చప్పుడు ఆపుండ్రయ్యా! మీ కాల్మొక్త, ఆపుండ్రి!"

ఆమె కాళ్ళు మొక్కుతాననగా వినడం అదే మొదలు. నేను రోడ్డు మధ్యకు పరిగెత్తి చేతులు అడ్డం పెట్టాను. ఒక్కో కారు అద్దం కొట్టి చెప్పాను. ఒక క్యాబ్ డ్రైవర్ తల బయటపెట్టి, "లాగిన్ టైం దాటిపోయింది భయ్, లోపల అయిదుగురున్నరు, నన్నేం జేయమంటవ్?" అన్నాడు. అతని ముఖంలో కోపం లేదు, ఏడుపు ఉంది. కొందరు ఆపారు. వాళ్ళ వెనకున్నవాళ్ళు మొదలుపెట్టారు.

పశువుల డాక్టరు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆమె చేతులు తియ్యలేదు. డాక్టరు కాలు చూసి, ఆమెను చూసి, తల అడ్డంగా ఊపాడు. "సూది ఇస్తానమ్మా. నొప్పి ఉండదు." ఆమె ఒప్పుకోలేదు. కట్టు కట్టమంది. పట్టీలు వెయ్యమంది. మూడు కాళ్ళతో అయినా బతకనిమ్మంది. తన దగ్గరే ఉంచుకుంటానని, షూటింగుకు పంపనని, ఎవరూ అడగకుండానే ఒట్టు పెట్టింది. డాక్టరు ఓపిగ్గా వింటూ నిలబడ్డాడు. గుర్రం మళ్ళీ లేవబోయి పడింది. ఆ చప్పుడు విన్నాక ఆమె, చెవులు మూసిన చేతులు అలాగే ఉంచి, కళ్ళతో సరేనంది.

అయిపోయాక దాని చెవుల మీంచి చేతులు తీసి నన్ను చూసింది. ఈసారి ముఖంలోకే చూసింది.

"గిప్పుడన్న రాస్తవా సారూ?"

నా చేతిలో ఆ వారం ఫారం ఉంది. అందులో "పని జరుగుతుండగా ప్రమాదాలు" అని ఒక పట్టిక ఉంది. మనుషులు, పశువులు అని రెండు వరసలు. రెండో దానిలో "1, గుర్రం" అని రాశాను. వాన చినుకులు పడి సిరా పాకింది. మళ్ళీ దిద్దాను. ఆమె చూస్తూనే ఉంది.

ఆ నివేదిక మాత్రం ఎవరూ మార్చలేదు. పక్కన "తీసుకున్న చర్య" అన్న చోట మా మేనేజర్ తన చేత్తో రాశాడు: ఇనుప పలకల మీద ఇసుక చల్లించడమైనది.

నేను ఉద్యోగం మానెయ్యలేదు. ఇంకో రెండేళ్ళు చేశాను. వంతెన అయింది. వెడల్పుగా ఉంది, బాగుంది. అంబులెన్సులు ఆగకుండా పోవడం కళ్ళారా చూశాను. ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి గుర్తొస్తాడు. అతని బాధ నిజం, ఈమె బాధ నిజం. కొంచెం జాగా చూపించి ఉంటే రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చేవి కావు. ఇంత చిన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదనలేను. నాకు తట్టింది.

కొన్నేళ్ళకు టోలిచౌకిలో ఆమె ఉండే గది తెలుసుకుని వెళ్ళాను. గుర్రాలన్నీ పోయాయి. తెల్లదాన్ని యాదగిరి తీసుకున్నాడు, పెళ్ళిళ్ళకు తిప్పుతున్నాడు. సినిమాల్లో గుర్రాలను కంప్యూటర్లో చేస్తున్నారని అంది. ఎండుమిరపకాయల కుప్ప ముందు కూర్చుని, ఏదో దుకాణానికి తొడిమలు తీస్తోంది. గదిలో ఘాటు. నాకు దగ్గు ఆగలేదు, ఆమెకు అలవాటైపోయింది. మంచినీళ్ళిచ్చింది. కూర్చోమంది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక చెప్పేశాను. సభలో మాట్లాడాలంటే ముందే పేరివ్వాలని నాకు తెలుసని, తెలిసే చెప్పలేదని.

తొడిమలు తీస్తున్న చేతులు ఆగాయి.

"నేను గాడ పేరిచ్చి మాట్లాడితె, జాగ ఇస్తుండెనా?"

అవునంటే ఎర్రదాన్ని నేను చంపినట్టు. కాదంటే ఆమె ఆ రోజు చీర ఉతుక్కుని వచ్చి నిలబడటానికి అర్థం లేనట్టు.

"తెలియదమ్మా" అన్నాను. అది నిజం.

"తెల్వకుంటె గిప్పుడెందుకు చెప్తున్నవ్?"

జవాబు కూడా తనే చెప్పింది.

"గిన్నేండ్లు మోసినవ్, బరువైంది. నా కాడ దించి పోదామని వచ్చినవ్." గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నా తోని గాదు బిడ్డా. నాయి నాకున్నయి. తీస్కపో. నువ్వే మొయ్యి."

మళ్ళీ మిరపకాయల వైపు తిరిగింది. ఒక్కో తొడిమా తీసి పక్కన పడేస్తోంది. నేను చెప్పులేసుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, మెట్లు దిగాను.